నడుమెత్తు మడి

కింది వాటా, పెరటి గుమ్మం దగ్గర్నుంచి
ఎండలు మొదలవుతుండగా

ఒరేయ్ దిద్దుబాటూ,

నేనే, మీ అక్కని. ఉత్తరం రాశానని కోపం పోయిందనుకోకు. పని పడింది.

మేడ మీదుండే మా ఓనరు కారు కొన్నాడు. దానికి నీడ కావాలట. నా పెరడంతా కాంక్రీటు పోయించి, పైన రేకులు వేయిస్తాడట. "మీరా వంగలేరు. పెరడు చూస్తే అడవిలా ఉంది. ఎవరికోసమండీ ఇది?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "వంగకుండానే చేసుకుంటాను, వానలు పడేనాటికి చూడు" అనేశాను. సరేనన్నాడు. కట్టేటప్పుడు ఎవరు చెయ్యి వేసినా పరవాలేదు, ఆ తర్వాత మాత్రం పెరడు మొత్తం నేనొక్కదాన్నే చూసుకోవాలి. చూసుకోగలిగితే కాంక్రేటు మాట మళ్ళీ ఎత్తడు. లేకపోతే ఆ మర్నాడే లారీ వస్తుంది.

నువ్వు ప్రెస్సులో ఉన్నప్పుడు, సిమెంటు దిమ్మలతో ఇంట్లో, పెరట్లో చవగ్గా ఏమేం కట్టుకోవచ్చో చెప్పే పుస్తకం ఒకటి దిద్దావు కదా? రెండేసి బొక్కలుండే బూడిదరంగు దిమ్మలు. ఆ పుస్తకాన్ని నువ్వు తిట్టని పూట లేదు అప్పట్లో. అంతలా తిట్టావంటే కంఠతా వచ్చే ఉంటుంది. వంగకుండా మొక్కలు పెంచుకునే మడి ఎలా కట్టాలో రాయి. వీధి చివర గోదాము కట్టినవాళ్ళ దగ్గర దిమ్మలు మిగిలిపోయాయి, పట్టుకుపొమ్మన్నారు.

నువ్వు రావద్దు. రాస్తే చాలు. పోయినసారి, మీ బావ పోయినప్పుడు వచ్చి, వారం ఉండి, నా వంటింటి డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్ది వెళ్ళావు. ఉప్పు కావాలంటే ఇప్పటికీ అచ్చులు చదువుకుంటున్నాను.

కాంక్రీట్టు పోసేస్తే నాకు మిగిలేది కిటికీ ఒక్కటే.

అక్క


మూడో అంతస్తు, పుస్తకాల మధ్య నుంచి

అక్కా,

నీ ఉత్తరం దిద్ది దీంతో జత చేశాను. ఒకే మాటని మూడు చోట్ల మూడు రకాలుగా రాశావు. కుట్లన్నీ ఒకేలా పడాలని ఊళ్ళో ఆడపిల్లలందర్నీ ఏడిపించిన కుట్టు టీచరువి నువ్వు. కాంక్రీటు, కాంక్రేటు, కాంక్రీట్టు! ఓనరు పోయించేది వీటిలో ఏదో ముందు తేల్చుకో.

ఆ పుస్తకం రాసిన మహానుభావుడు దిమ్మ మొహం చూసినవాడు కాదు. ఇంగ్లీషు పత్రికలు నాలుగు ముందేసుకుని ఫ్యాను కింద కూర్చుని రాశాడు. "దిమ్మను ప్రేమతో దిమ్మపై ఉంచండి" అని రాసినవాణ్ణి ఏం చెయ్యమంటావు? వాడి వాక్యాలకు కాళ్ళూ చేతులూ అతికించి నిలబెట్టింది నేను. శాలువా వాడికి కప్పారు. చివరి పేజీలో ఒక కామా పోయిందని ఎడిటరు నన్ను పిలిచి, నిలబెట్టి, అందరూ వినేలా చదివి వినిపించాడు. ఆ ఎడిటరుకి కామాకీ చీమకీ తేడా తెలియదు.

ఇక మీ ఆయన. ఓవర్సీరుగారు. "మీ తమ్ముడికి ఇటుక మీద ఇటుక పెట్టడం రాదు, అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటాడు పాపం" అని పెళ్ళి భోజనాల దగ్గర అన్నాడు. నవ్వినవాళ్ళ మొహాలన్నీ నాకు గుర్తున్నాయి. నువ్వూ నవ్వావు. ఊళ్ళో సగం గోడలు కట్టించిన మనిషి పెరట్లో నీకొక అరుగు కట్టించలేదు. ఇవాళ ఆ ఇటుకలు రానివాడే కావలసి వచ్చాడు. సరే. రాసుకో.

నేల చదును చెయ్యి. నీళ్ళు పోసి చూడు, ఎటూ పారకుండా నిలిస్తే చదును కుదిరినట్టు. దిమ్మల బొక్కలు పైకి ఉండాలి. మళ్ళీ చెబుతున్నాను, బొక్కలు పైకి. కింది వరసలో రెండు దిమ్మలు కలిసేచోట పై వరస దిమ్మ నడిమి భాగం రావాలి. సిమెంటు అక్కర్లేదు, బరువుకే నిలబడతాయి. నడుమెత్తు కట్టు. లోపల మట్టి నింపు. పై వరస బొక్కల్లో కూడా నింపితే ఒక్కో బొక్క ఒక్కో కుండీ అవుతుంది. పుదీనా ఆ బొక్కల్లోనే పెట్టు. మడిలో పెట్టావంటే మా ఎడిటరులాగా అన్నిచోట్లా తానే ఉంటుంది.

రెండు మడులు కట్టు. మధ్యలో మనిషి నడవడానికి అడుగు వెడల్పు చాలు. పెరట్లోకి దిగడానికి గుమ్మం దగ్గర అవే దిమ్మలతో రెండు మెట్లు పెట్టుకో. బొమ్మ గీసి పంపుతున్నాను.

కిటికీ మిగులుతుందని నాటకాలాడకు. వీధుంది, పార్కుంది, నీకు కాళ్ళున్నాయి.

తమ్ముడు

తా.క. నేనూ దిమ్మలూ చెక్కలూ తెచ్చి పుస్తకాలకి అర కడుతున్నాను. పరాయి పుస్తకాన్ని నమ్మి నిన్ను పనిలోకి దింపలేను కదా.


కింది వాటా నుంచి
మామిడికాయలు వచ్చాక

ఒరేయ్,

మొదటి వరస పెట్టాం. బొక్కలు పైకే ఉన్నాయి. మధ్యాహ్నం కునుకులో కూడా "బొక్కలు పైకి" అంటున్నానట. ఆ సంగతి చెప్పింది మేడమీది ఆవిడ, ఓనరు భార్య. దిమ్మలు ఎత్తిపెడుతున్నది ఆవిడే. మొగుడి మీద పంతంతో వచ్చింది. కారు కొనేముందు ఆవిడ్ని ఒక్క మాట అడగలేదట.

"ఆయన కారు ఎండలో మాడి మసైపోనీండి పిన్నిగారూ, నాకేం! ఇది ఎక్కడ పెట్టను?"

"కాస్త ఎడమకి జరుపమ్మా."

"మీ తమ్ముడు గీసిన బొమ్మలో కుడికుంది."

"మా తమ్ముడు బొమ్మ గీస్తే గేదె కూడా కుడిపక్కే చూస్తుంది. నువ్వు ఎడమకి జరుపు."

మేడమీంచి ఓనరు తొంగి చూసి, "నడుం పట్టేస్తుందే నీకు!" అని అరిచాడు. "పడితే మీ కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళండి, దానికీ ఒక ప్రయోజనం ఉంటుంది" అందావిడ.

రెండు మార్పులు చేశాను. మడుల మధ్య దారి అడుగు కాదు, మూడడుగులు వదిలాను. గుమ్మం దగ్గర మెట్లు వద్దనుకుని, దిమ్మల మీద పాత తలుపుచెక్క ఏటవాలుగా వేయించాను. బాగుంది.

అక్క


మూడో అంతస్తు నుంచి

అక్కా,

బాగుందా! ఎవరికి బాగుంది?

మూడడుగుల దారి ఎందుకమ్మా, రోడ్డు రోలరు తిప్పుతావా? ఉన్నదే జానెడు పెరడు. దారికి మూడడుగులు పోతే మొక్కలకేం మిగులుతుంది? అడుగంటే అడుగు. ఇక ఆ ఏటవాలు చెక్క. వాన పడితే పాచి పడుతుంది, జారి పడతావు, పడి నడుం విరగ్గొట్టుకుని నన్ను పిలుస్తావు. మెట్లు గీసి, కొలతలు వేసి, బాణం గుర్తు పెట్టి మరీ పంపాను. ఆ కాగితంతో పొయ్యి వెలిగించావా?

నువ్వెప్పుడూ ఇంతే. చిన్నప్పుడు నా లెక్కల పుస్తకం అట్టతో జాకెట్టు కాలరుకి నమూనా కత్తిరించావు. నేను క్లాసులో అట్టలేని పుస్తకంతో నిలబడ్డాను. మరిచిపోయాననుకున్నావేమో.

దారి సన్నం చెయ్యి. చెక్క తీసెయ్యి. రెండో వరస, మూడో వరస వచ్చాక రాయి. నీ ఎత్తు మనిషికి నడుమెత్తు అంటే అయిదు వరసలు పడుతుంది.

తమ్ముడు

తా.క. నా అర లేచింది. రెండు రోజులు నిలబడింది కూడా. ప్రస్తుతం నా కుడికాలికి చెప్పు పట్టడం లేదు. ఎందుకని అడగకు.


కింది వాటా నుంచి
మబ్బులు వచ్చీ పోతున్న రోజులు

దిద్దుబాటూ,

అయిపోయింది. రెండు మడులూ లేచాయి. మూడు వరసలతో ఆపేశాం. దారి మూడడుగులే, చెక్క అక్కడే ఉంది. వంగమొలకలు, టమాటాలు, గోంగూర వేశాను. పై బొక్కల్లో కొత్తిమీర నాది. పుదీనా మేడమీది ఆవిడది. అడగలేదు, తెచ్చి నాటేసింది.

ఓనరు నిన్న కిందికి దిగి, చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగాడు. "చూద్దాం, వానలు పడనీండి" అన్నాడు. అని ఊరుకుంటే నాకీ బెంగ ఉండేది కాదు. సాయంత్రానికి గేటు లోపల కంకర కుప్ప పోయించాడు. కాంక్రీటుకి. (సరిగ్గా రాశానా?) ముందే తెప్పించి పెట్టుకున్నాడంటే నేను ఓడిపోతాననే కదా?

రాత్రంతా ఆ కుప్పే కళ్ళలో మెదిలింది.

కొన్ని దిమ్మలు మిగిలాయి. ఏం చెయ్యను?

అక్క


మూడో అంతస్తు నుంచి

అక్కా,

మూడు వరసలా! నేనేం రాశాను? నడుమెత్తు. తెలుగులో అంతకంటే తేలికైన మాట లేదు. జానెడు, మూరెడు, మోకాలెత్తు, నడుమెత్తు, నిలువెత్తు. కొలబద్ద లేనివాడికి కూడా తెలియాలని పెద్దవాళ్ళు ఒంటినే కొలబద్ద చేసి ఇచ్చిన మాటలివి. నేను బతుకంతా మాటలు దిద్దాను. ఒక ప్రపంచ చరిత్ర రెండుసార్లు దిద్దాను, ఒక నిఘంటువు మొత్తం దిద్దాను. ఇంత తేటగా ఉన్న మాటని ఇంత తప్పుగా అర్థం చేసుకున్న మనిషిని చూళ్ళేదు. మూడు వరసలంటే నీకు మోకాలు దాటి కాస్త పైకి వస్తుంది, అంతే. నువ్వు నాకంటే తలంత పొడుగు. అటక మీద బెల్లం నువ్వే అందుకునేదానివి. రేపు కలుపు తీయాలంటే వంగక ఏం చేస్తావు? వంగలేక వదిలేస్తావు. కలుపు పెరుగుతుంది. ఆ కారువాడు లారీని పిలుస్తాడు. నెలల తరబడి నేను రాసిందంతా గంగలో కలుస్తుంది.

అదేమంటే మార్పులు చేశానంటావు. అక్కడ కాళ్ళు చాపుకుని కూర్చుని, మేడమీది ఆవిడ చేత దిమ్మలు మోయిస్తూ, నీ ఇష్టమొచ్చినట్టు మార్పులు!

మిగిలిన దిమ్మలతో బెంచీ కట్టు. అటు కొన్ని, ఇటు కొన్ని పేర్చి, బొక్కల్లోంచి రెండు బలమైన వాసాలు దూర్చితే బెంచీ. ఇక్కడ మాత్రం బొక్కలు పక్కకి. దాని మీద తీరిగ్గా కూర్చుని నువ్వు చేసిన తప్పులన్నీ చూసుకో.

తమ్ముడు


కింది వాటా నుంచి

ఒరేయ్,

కాళ్ళు చాపుకునే కూర్చున్నానురా.

పోయిన చలికాలం, స్నానాలగదిలో పడ్డాను. తుంటి ఎముక విరిగింది. అతికించారు. సరిగ్గా అతకలేదు. ఇక నిలబడడం కుదరదన్నారు. చక్రాల కుర్చీ ఇచ్చారు. ఇంట్లో తిప్పుకుంటున్నాను. చేతులు బాగానే ఉన్నాయి, కుట్టుమిషను కూడా చేత్తో తిప్పేది కొనుక్కున్నాను.

వీధి గుమ్మానికి ఎత్తైన మెట్లున్నాయి, నీకు తెలుసు. నేను బయటికి రాగలిగేది పెరట్లోకే. అందుకే తలుపుచెక్క. అందుకే మూడడుగుల దారి, కుర్చీ తిరగొద్దూ? నువ్వు రాసింది నడుమెత్తు. నేను నా నడుముకే కొలిచాను. కూర్చున్న నడుముకి మూడు వరసలే వచ్చాయి. నీ మాట నేను అక్షరం తప్పలేదు, తమ్ముడూ.

ఎందుకు చెప్పలేదంటావు. డబ్బాలు సర్దుతావనే భయం ఒకటి. అదొక్కటే అయితే చెప్పేసేదాన్నే.

పడ్డప్పటినుంచీ నాతో అందరూ మెల్లగా మాట్లాడుతున్నారు. పాలవాడు మెల్లగా మాట్లాడతాడు. నా దగ్గర కుట్టు నేర్చుకుని, నా చేత మొట్టికాయలు తిన్న పిల్లలు వచ్చి, నా చెయ్యి పట్టుకుని, చంటిపిల్లతో మాట్లాడినట్టు "తిన్నారా టీచర్?" అంటారు. ఓనరు కూడా అంతే, పెరడు తీసేసుకుంటానన్నది కూడా ఎంతో మెత్తగా అన్నాడు. నీ ఉత్తరం వస్తే అందులో నేను రోడ్డు రోలరుని, మొండిదాన్ని, అట్టలు దొంగిలించిన దాన్ని. దాన్ని రెండుసార్లు చదువుకునేదాన్ని.

మేడమీది ఆవిడ ఒక్కతే నన్ను మామూలుగా చూస్తుంది. ఆవిడకి మొగుడి మీద కోపం తప్ప ఇంకేం పట్టదు.

బెంచీ నాకెందుకు? నా కుర్చీ నాతోనే తిరుగుతుంది.

అక్క


మూడో అంతస్తు నుంచి

ప్రియమైన అక్కయ్యకు,

నీ ఉత్తరం చేరింది. చదివి మనసు చాలా బాధపడింది. ఇంత కష్టంలో ఉన్న నిన్ను తెలియక నానా మాటలూ అన్నాను. పాపం, ఒక్కదానివే ఎంత అవస్థ పడ్డావో.

ఇక శ్రమ పెట్టుకోకు. విశ్రాంతి తీసుకో. పెరడు గురించి బెంగ వద్దు, ఓనరు ఏం చేసుకుంటే అది చేసుకోనీ. మన వయసులో ప్రశాంతత ముఖ్యం. వేళకు భోజనం చెయ్యి. మందులు మరవకు. మడులు చాలా బాగా కట్టావు, మూడు వరసలు సరిగ్గా సరిపోతాయి.

ప్రేమతో,
నీ తమ్ముడు


కింది వాటా నుంచి
రెండు పెద్ద వానలు పడ్డాక

ఒరేయ్ దిద్దుబాటూ,

నీ ఉత్తరం దిద్ది దీంతో జత చేశాను. ఎర్ర పెన్సిలు లేక గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో దిద్దాను, చేతికంటుకుంటే కడుక్కో.

"అక్కయ్య" కొట్టేశాను. నీ పుట్టుకలో నన్ను అక్కయ్య అనలేదు. "విశ్రాంతి" కొట్టేశాను. "ప్రశాంతత" పక్కన ప్రశ్నార్థకం పెట్టాను, అదేమిటో నీకు తెలిసినట్టు రాశావు కనక. "పాపం" చుట్టూ సున్నా చుట్టాను. ఆ మాట మీ బావ నీ గురించి అన్నాడని ఇన్నేళ్ళు పగబట్టి, నన్నెలా అన్నావురా? "పెరడు ఓనరు ఏం చేసుకుంటే" అన్న వాక్యం మీద అడ్డంగా గీత కొట్టేశాను. అక్కడ కాగితం చిరిగింది. ఆ చిరుగు కావాలనే వదిలాను.

అది చదివిన పూటే ఆకాశం విరుచుకుపడింది. పొద్దున్నే ఓనరు గొడుగేసుకుని దిగాడు. మడుల్లో నీళ్ళు నిలిచి ఉంటాయని, మొక్కలు కుళ్ళి ఉంటాయని వచ్చాడు. నీళ్ళు చుక్క నిలవలేదు. నేను కుర్చీ తిప్పుకుంటూ, ఒళ్ళో బుట్ట పెట్టుకుని, ఆ చివరినుంచి ఈ చివరిదాకా కలుపు తీసి చూపించాను. ఒక్క చెయ్యి సాయం లేదు. అతను నోరు తెరుచుకుని చూశాడు.

"నీళ్ళు ఎటు పోయాయండీ?"

"అడుక్కి దిగిపోయాయి. అడుగున కంకర పోశాం" అంది వాళ్ళావిడ.

"ఏ కంకర?"

ఆయన తిరిగి గేటు వైపు చూశాడు. కుప్ప లేదు. రోజూ ఆ దారినే కారు తీశాడు, కుప్ప పోయిందని గమనించలేదు చూడు, అంతసేపూ కారునే చూసుకుంటాడు. అతను ఊరెళ్ళిన రెండు రోజుల్లో ఒక పక్క దిమ్మలు తీసి, మట్టి ఎత్తి, కంకర పోసి, దిమ్మలు మళ్ళీ పేర్చి, మట్టి నింపి, మొక్కలు తిరిగి నాటాం. నేను గిన్నెతో, ఆవిడ తట్టతో.

"అది నా కారు షెడ్డుకే!" అన్నాడు.

"తవ్వుకోండి. నా పుదీనా మాత్రం కదిలిందా, వారం రోజులు హోటల్లో తినండి" అంది.

అతనేదో అనబోయి, నన్ను చూసి, అలవాటుగా గొంతు తగ్గించబోయాడు. "గట్టిగానే తిట్టు నాయనా, కంకర దొంగిలించాం" అన్నాను. తిట్టాడు. చాలా బాగా తిట్టాడు. తిట్టడం అయ్యాక, మాటంటే మాటేనన్నాడు. నేను పాత కర్టెన్లు కలిపి కారుకి తొడుగు కుట్టి ఇచ్చాను. పువ్వుల కర్టెన్లు. వీధిలో అందరూ చూసి నవ్వుతున్నారట, అయినా తీయడం లేదు.

ఇక నీ సంగతి. ఇలాంటి ఉత్తరం ఇంకొకటి రాశావంటే విప్పకుండా వెనక్కి పంపిస్తాను. నాకు మా తమ్ముడు కావాలి. వాడెక్కడ?

అక్క


మూడో అంతస్తు నుంచి

అక్కా,

వాడు ఇక్కడే ఉన్నాడు, బొటనవేలికి కట్టుతో. అర కూలింది. నా పుస్తకాలన్నీ, వాటితోపాటు ఒక దిమ్మా, నా కాలి మీదకి దిగాయి. మా కింది అంతస్తువాడు పైకొచ్చి "భూకంపమా?" అన్నాడు. "కాదు, సాహిత్యం" అన్నాను.

సుద్దతో దిద్దడం ఏమిటి? చేతులూ, చొక్కా, బల్ల, అన్నీ తెల్లబడ్డాయి. పైగా సున్నా చుట్టడం కొట్టివేత గుర్తు కాదు. నేర్చుకోకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదని నీకు చిన్నప్పటినుంచీ చెబుతున్నాను, నువ్వు వింటే కదా. తలుపుచెక్క మీద పాచి పట్టి ఉంటుంది ఈపాటికి. దాని మీద గోనెపట్టా మేకులతో కొట్టించు. ఇవాళే. పడ్డావంటే నీ రెండో తుంటి కూడా పోతుంది, అప్పుడు కుర్చీకి కుర్చీ కావాలి. ఓనరు కంకర దొంగిలించినదానివి మన ఇంటి పరువు ఆలోచించావా? దొంగిలిస్తే దొంగిలించావు, ఇసుక కూడా ఉంటే అదీ తేవలసింది, కంకర మీద ఇసుక పరిస్తే మట్టి జారకుండా ఉండేది. సగం దొంగతనాలు నాకు నచ్చవు.

మూడు వరసలతో ఆపడం మంచిదైంది. ఇది మెత్తగా అనడం లేదు, నా కాలు చెబుతోంది. సిమెంటు లేకుండా అయిదు వరసలు లేపి మట్టి నింపితే గోడ కడుపు ఉబ్బి నీ మీదే పడేది. ఆ పుస్తకం రాసినవాడికి అది తెలియదు. దిద్దినవాడికీ తెలియలేదు. నడుమెత్తు అని చదివి, మాట బాగుంది కదా అని ముందుకు వెళ్ళిపోయాను. ఎవరి నడుము అని మార్జిన్‌లో ఒక్క ప్రశ్న రాయవలసింది.

నాకు చెప్పులు పట్టగానే బయల్దేరుతున్నాను. రావద్దని రాయకు, రాసినా దారిలో ఉంటాను. డబ్బాల జోలికి రాను. ఉప్పు డబ్బా ఒక్కటి 'ఉ' దగ్గర్నుంచి తీసి పొయ్యి పక్కన పెడతాను, అంతే.

ఈలోగా బెంచీ కట్టించు. నీకెందుకన్నావు. నీకని ఎవరన్నారు? మోకాలెత్తు ఉండాలి. నా మోకాలు. మళ్ళీ నీది కొలిచి కూర్చోకు. నేను నీకంటే తలంత పొట్టి, వేలు ఉబ్బింది, ఎత్తైన బెంచీ ఎక్కలేను, పల్లమైతే లేవలేను. వంగమడికి ఎదురుగా, నీ కుర్చీ పక్కన చోటు వదిలి. కుర్చీకి కుడిపక్క. నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. నువ్వు గొణిగే అబద్ధాలు కుడి చెవికే వినబడతాయి... లేదు, ఆగు. కుర్చీకి కుడిపక్క కూర్చుంటే నీకు తగిలేది నా ఎడమ చెవే. ఎడమపక్క. బెంచీ కుర్చీకి ఎడమపక్క కట్టించు.

పై వాక్యం కొట్టేయకుండా వదిలాను. నువ్వే దిద్దుకో, పెన్సిలుతో.

తమ్ముడు